డిస్కు కనబడకపోతే డిస్కు పోయినట్టేనా?



బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో అటక మీది అట్టపెట్టెలు కిందికి దిగుతాయి. గిన్నెలు ఒక పెట్టెలో, పుస్తకాలు ఇంకో పెట్టెలో సర్దుతాం. ఏ పెట్టెలో ఏముందో పైన స్కెచ్‌పెన్నుతో రాస్తాం. టీసీలు, మార్కుల జాబితాలు, ఆధార్ కార్డులు మాత్రం పెద్దవాళ్ల చేతిసంచి దాటి పోవు. ఇల్లు, బడి, స్నేహితులు, చుట్టూ వినిపించే భాష, అన్నీ మారిపోయే మనలాంటి కుటుంబాలకు మారకుండా వెంట వచ్చేవి కొన్నే ఉంటాయి. ఫొటోలు, వీడియోలు, తాతయ్యల అమ్మమ్మల గొంతులు అలాంటివి. వాటిలో చాలా భాగం ఇప్పుడు కంప్యూటర్లోని ఒక చిన్న డిస్కులో ఉంటున్నాయి. ఆ డిస్కు ఒకరోజు "కనబడటం లేదు" అని కంప్యూటరే చెబితే ఏం చేయాలి? మాకు ఎదురైన అనుభవంతోనే ఆ సంగతి చెబుతాం.

చాపలు, కుక్కరు, లాప్‌టాప్

కిందటి బదిలీలో మేము అస్సాంలోని సిల్చార్ నుంచి గుజరాత్‌లోని భుజ్‌కి వచ్చాం. సామాన్ల లారీ ఇంకా దారిలోనే ఉంది. క్వార్టర్లో ఉన్నవి మూడు చాపలు, ఒక కుక్కరు, ఒక లాప్‌టాప్. రెండో రోజు రాత్రి విండోస్ అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ అప్పటికే బలహీనంగా ఉండటంతో అదీ ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే రిపేరు చేస్తున్నానంటూ కాసేపు తిరిగి, మళ్లీ మొదటికే రావడం మొదలుపెట్టింది.

"అమ్మమ్మ చెప్పిన కథలు అందులోనే ఉన్నాయి కదా?" అంది ఆరో తరగతి చదివే మా పాప. ఆవిడ ఇప్పుడు లేరు. సెలవుల్లో ఫోన్లో రికార్డు చేసిన పద్నాలుగు కథలు ఉన్నాయి. ఫోను మార్చినప్పుడు వాటిని లాప్‌టాప్‌లోకి ఎక్కించాం. అంతే, ఇంకెక్కడా లేవు.

అయినా మేము ధైర్యంగానే ఉన్నాం. సిల్చార్ వదలడానికి పదిహేను రోజుల ముందు లాప్‌టాప్ మొత్తానికి బ్యాకప్ ఇమేజ్ తీసి, ఒక టెరాబైట్ బయటి హార్డ్‌డిస్కులో దాచుకున్నాం. దాన్ని తిరిగి ఎక్కించడానికి రెస్క్యూ పెన్‌డ్రైవ్ కూడా ఉంది. అది మా పాత డెస్క్‌టాప్ ఉన్న రోజుల్లో, నాలుగేళ్ల కిందట తయారు చేసుకున్నది. దాన్ని గుచ్చి లాప్‌టాప్ ఆన్ చేశాం. రికవరీ ప్రోగ్రాం చక్కగా తెరుచుకుంది. "రీస్టోర్" నొక్కాం. డిస్కులేవీ దొరకలేదని జవాబు వచ్చింది. లాప్‌టాప్ లోపలి డిస్కూ లేదు, ఇమేజ్ ఉన్న బయటి డిస్కూ లేదు. ఆ పెన్‌డ్రైవ్ ఒక్కటే కనబడుతోంది.

మర్నాడు బజారులో ఒక రిపేరు దుకాణంలో చూపిస్తే, ఐదు నిమిషాలు చూసి "డిస్కు పోయింది. కొత్తది వేసి ఇస్తాం" అన్నారు. పాప ముఖం చూడలేకపోయాం. కానీ ఆ మాట నిజం కాదని రెండు రోజుల్లో తేలింది. చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టు, డిస్కు లోపలే ఉంది, అందులో ఉన్నవన్నీ ఉన్నాయి. వెతికేవాళ్లకే దాన్ని చూసే దారి తెలియలేదు.

ఇమేజ్ అంటే ఏమిటి?

ఇక్కడ ఇమేజ్ అంటే బొమ్మ కాదు. మామూలు బ్యాకప్‌లో మనకు కావలసిన ఫైళ్లను మాత్రం వేరే చోటికి కాపీ చేసుకుంటాం. అది సామాన్లు పెట్టెల్లో సర్దుకోవడం లాంటిది. కొత్త ఊళ్లో ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో మళ్లీ మనమే చూసుకోవాలి. ఇమేజ్ అలా కాదు. వంటింట్లో పోపుల డబ్బా ఎక్కడుందో, గోడకు మేకు ఎక్కడుందో అన్నీ అలాగే ఉంచి, ఇంటికి ఇల్లే నకలు తీసినట్టు. విండోస్, ప్రోగ్రాములు, వాటి అమరికలు, ఫైళ్లు, డిస్కును ఎన్ని భాగాలుగా విడగొట్టారు అన్న లెక్క, కంప్యూటర్ ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెప్పే చిన్న భాగం, ఇవన్నీ కలిపి ఒక పెద్ద ఫైలుగా మారతాయి.

అయితే మనం నిలబడి ఉన్న నేలను మనమే తవ్వలేం కదా! విండోస్ నడుస్తున్న డిస్కు మీదే పూర్తి ఇమేజ్‌ను తిరిగి రాయడం కుదరదు. అందుకే కంప్యూటర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టి, ఆ చిన్న వ్యవస్థలో కూర్చుని అసలు డిస్కును తిరిగి రాస్తారు. ఈ పనికి ఎక్కువగా వాడేది విండోస్ పీఈ అనే చిన్న విండోస్. కొన్ని కంపెనీల రెస్క్యూ డిస్కులు లినక్సు మీద నడుస్తాయి. విండోస్ పీఈ పూర్తిగా కంప్యూటర్ మెమరీలోకి ఎక్కి కూర్చుంటుంది. ఆఫ్ చేయగానే అక్కడ చేసిన మార్పులన్నీ పోతాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

నాలుగు మెట్లు

డిస్కు తెర మీద కనబడాలంటే నాలుగు మెట్లు దాటాలి. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే.

మొదటి మెట్టు తీగలు, కరెంటు. డిస్కుకు కరెంటు అందాలి, తీగ గట్టిగా కూర్చోవాలి. లారీలో కుదుపులు తిన్న డెస్క్‌టాప్‌లో సాటా తీగ వదులై డిస్కు కనబడకపోవడం మామూలే. రెండో మెట్టు బయోస్. కంప్యూటర్ ఆన్ కాగానే అన్నిటికన్నా ముందు లేచే ప్రోగ్రాం ఇది. కొత్త కంప్యూటర్లలో దీన్నే యూఈఎఫ్ఐ అంటారు. ఏ డిస్కులు తగిలించి ఉన్నాయో ఇదే మొదట చూస్తుంది. మూడో మెట్టు డ్రైవర్. అంటే డిస్కును నడిపే కంట్రోలర్‌తో మాట్లాడటం తెలిసిన చిన్న ప్రోగ్రాం. నాలుగో మెట్టు డిస్కులోని భాగాలు, వాటిలోని ఫైళ్ల అమరిక. ఈ నాలుగూ దాటాకే రికవరీ ప్రోగ్రాం కిటికీలో డిస్కు పేరు కనబడుతుంది.

మేము మొదట చూసింది రెండో మెట్టు. ఆన్ చేయగానే ఎఫ్2 మీట నొక్కితే బయోస్ తెరుచుకుంది. కొన్ని కంప్యూటర్లలో ఇందుకు డిలీట్ గానీ ఎఫ్10 గానీ నొక్కాలి. అక్కడ లోపలి డిస్కు కంపెనీ పేరు, 512 జీబీ అన్న సైజు స్పష్టంగా ఉన్నాయి! ఈ ఒక్క పరీక్షతో "డిస్కు పోయింది" అన్న మాట మీద మాకు నమ్మకం పోయింది. పాడైన డిస్కు కూడా ఒక్కోసారి బయోస్‌లో పేరు చూపిస్తుంది కాబట్టి ఇదే ఆఖరి మాట కాదు. కానీ బయోస్‌కు కనబడి రికవరీ ప్రోగ్రాంకు కనబడకపోతే, ముందు అనుమానించాల్సింది డిస్కును కాదు, మధ్యలో ఉన్న డ్రైవర్‌ను.

బయటి డిస్కు సంగతి వేరు. అది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. మా లాప్‌టాప్‌కు యూఎస్‌బీ రంధ్రాలు రెండే ఉన్నాయి. ఒకదానిలో రెస్క్యూ పెన్‌డ్రైవ్ పెట్టాం. రెండోదానిలో నాలుగు రంధ్రాల హబ్ పెట్టి, దానికి మౌస్‌ను, బయటి హార్డ్‌డిస్కును తగిలించాం. లోపల పళ్లెం గిర్రున తిరిగే హార్డ్‌డిస్కుకు కరెంటు బాగానే కావాలి. యూఎస్‌బీ 3 రంధ్రం నియమం ప్రకారం 900 మిల్లీ ఆంపియర్ల వరకు ఇస్తుంది, యూఎస్‌బీ 2 రంధ్రం 500 వరకే. సొంత కరెంటు లేని హబ్ ఆ కొంచెం కరెంటునే అందరికీ పంచుతుంది. హబ్ తీసేసి, డిస్కును దాని అసలు పొట్టి తీగతో నేరుగా లాప్‌టాప్‌కు తగిలించాం. చెయ్యి ఆనిస్తే లోపల తిరుగుతున్న అదురు తెలిసింది. ప్రోగ్రాంలో "రీఫ్రెష్" నొక్కగానే బయటి డిస్కు, దానిలోని మా ఇమేజ్ కనబడ్డాయి. పాప చప్పట్లు కొట్టింది. కానీ ఆ ఇమేజ్‌ను ఎక్కించాల్సిన లోపలి డిస్కు మాత్రం ఇంకా కనబడలేదు.

ఒకే లక్షణానికి రెండు వేర్వేరు కారణాలు ఉండవచ్చని అప్పుడు తెలిసింది. రెండు డిస్కులూ ఒకేసారి కనబడలేదు కాబట్టి జబ్బు ఒకటే అనుకుని ఉంటే చీకట్లోనే తిరుగుతూ ఉండేవాళ్లం.

దుబాసీ లేని సభ

మీలో చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. కొత్త ఊళ్లో మొదటి రోజు. క్లాసులో పక్కన కూర్చున్న అబ్బాయి స్నేహంగానే ఏదో అడుగుతాడు. మీకు ఆ భాష రాదు. మీరు అక్కడే ఉన్నారు, అతనూ అక్కడే ఉన్నాడు, కానీ మాట అందదు. మధ్యలో రెండు భాషలూ తెలిసినవాళ్లు ఒకరు ఉంటే చాలు. అలా మధ్యలో ఉండి ఇద్దరి మాటా కలిపేవారిని దుబాసీ అంటారు. రెండు భాషలు తెలిసినవాడు అని ఆ మాటకు అర్థం. కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణాది ఊళ్ల చరిత్రలు సేకరించగలిగాడంటే, కావలి వెంకట బొర్రయ్య వంటి తెలుగువాళ్లు ఆయనకు ఆ పని చేసిపెట్టారు కాబట్టే.

కంప్యూటర్లో ఆ దుబాసీ పేరే డ్రైవర్. డిస్కుల భాష కాలంతో మారుతూ వచ్చింది. 2003లో సాటా డిస్కులు వచ్చాయి, మరుసటి ఏడాది వాటితో మాట్లాడే ఏహెచ్‌సీఐ అనే పద్ధతి వచ్చింది. తర్వాత పళ్లెం లేని, తిరగని ఎస్‌ఎస్‌డీలు వచ్చాయి. వాటి వేగానికి తగినట్టు 2011లో ఎన్‌వీఎంఈ అనే కొత్త భాష తయారైంది. 2009లో విడుదలైన విండోస్ 7కు ఆ భాష పుట్టుకతో రాదు. 2013 నాటి విండోస్ 8.1కు వచ్చు. అందుకే విండోస్ 7 కాలంలో చేసుకున్న రెస్క్యూ డిస్కు కొత్త లాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌డీని చూడలేక తెల్లముఖం వేస్తుంది. దానికి యూఎస్‌బీ 3 కూడా సొంతంగా రాదు.

మా పెన్‌డ్రైవ్ అంత పాతది కాదు. దానికి ఎన్‌వీఎంఈ వచ్చు. అయినా చూడలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. 2020లో వచ్చిన ఇంటెల్ పదకొండో తరం ప్రాసెసర్లతో మొదలుపెట్టి, చాలా లాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీకి ముందు వీఎండీ అనే కంట్రోలర్ కాపలా కూర్చుంటోంది. వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్ అని దాని పూర్తి పేరు. వీఎండీ ఆన్‌లో ఉంటే, దాని డ్రైవర్ లేని వ్యవస్థకు వెనకాల ఉన్న ఎస్‌ఎస్‌డీ అసలే కనబడదు. మన లాప్‌టాప్‌లోని విండోస్‌కు కంపెనీవాళ్లు ఆ డ్రైవర్ ముందే పెట్టి ఇస్తారు. పాత డెస్క్‌టాప్ మీద చేసుకున్న మా పెన్‌డ్రైవ్‌కు అది ఎక్కడి నుంచి వస్తుంది? కొత్త లాప్‌టాప్‌తో కొత్త ఇమేజ్ తీసుకున్నాం, కానీ రెస్క్యూ పెన్‌డ్రైవ్ కొత్తది చేసుకోలేదు. తప్పు మాదే.

రెండు దారులు

ఈ చిక్కుకు రెండు దారులు ఉన్నాయి. మొదటిది, రెస్క్యూ వ్యవస్థకు దుబాసీని ఇవ్వడం. రెండోది, బయోస్‌లోకి వెళ్లి వీఎండీని ఆపేయడం.

రెండోది వినడానికి తేలిక, కానీ దానిలో మెలికలు ఉన్నాయి. వీఎండీ ఆన్‌లో ఉండగా ఎక్కించిన విండోస్, అది ఆగిపోతే మొదలవ్వకుండా నీలితెర చూపించవచ్చు. బయోస్‌లో ఇలాంటి మార్పు చేస్తే, బిట్‌లాకర్ తాళం ఉన్న కంప్యూటర్ రికవరీ తాళంచెవి అడుగుతుంది. రెండు మూడు డిస్కులను కలిపి రెయిడ్‌గా వాడుతున్న కంప్యూటర్లో అయితే ఈ మార్పు జోలికే పోకూడదు. ఒకే డిస్కు ఉన్న లాప్‌టాప్‌లో ఎవరైనా ఈ దారి పడితే, ఇమేజ్ ఎక్కించాక విండోస్ మొదలుపెట్టే ముందు బయోస్‌లోని అమరికను మళ్లీ మొదట ఉన్నట్టే పెట్టాలి. అందుకే మార్చే ముందు ఆ తెరను ఫోన్‌తో ఫొటో తీసుకోవడం మంచిది.

మేము మొదటి దారి పట్టాం. బడిలో కంప్యూటర్ మాస్టారి సాయంతో, లాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ వెబ్‌సైట్లో మా మోడల్ నంబరు కొట్టి, ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ డ్రైవర్ దింపుకున్నాం. అలా దింపుకున్నది ఒక్క ఫైలుగా ఉంటే దాన్ని విప్పదీయాలి. రెస్క్యూ వ్యవస్థకు కావలసింది లోపల ఉండే ఐఎన్‌ఎఫ్ ఫైలు, దానితో పాటు ఉండే ఎస్‌వైఎస్, సీఏటీ ఫైళ్లు. ఆ ఫోల్డరంతా ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాం.

ఆ ఫోల్డరు పేరులో "ఎఫ్6", "ఫ్లాపీ" అన్న మాటల పొట్టిరూపాలు కనబడి పాప ఆశ్చర్యపోయింది. దానికో కథ ఉంది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో, విండోస్ ఎక్కించేటప్పుడు డిస్కు కనబడకపోతే ఎఫ్6 మీట నొక్కి, డ్రైవర్ ఉన్న ఫ్లాపీ పెట్టాల్సి వచ్చేది. ఫ్లాపీలు పోయాయి, ఎఫ్6 నొక్కడమూ పోయింది. పేరు మాత్రం మిగిలింది. రాట్నాలు పోయినా భాషలో మాటలు మిగిలినట్టు! ఒక విషయం మాత్రం దాని వల్ల తెలుస్తుంది. డిస్కు కనబడకపోవడం ఈనాటి చిక్కు కాదు. డిస్కుల భాష మారినప్పుడల్లా ఇది ఎదురవుతూనే ఉంది, దానికి మందు కూడా ప్రతిసారీ అదే.

ఇంటికి వచ్చి రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో లాప్‌టాప్ తెరిచి, ప్రోగ్రాంలో "లోడ్ డ్రైవర్" నొక్కాం. రెండో పెన్‌డ్రైవ్‌లోని ఐఎన్‌ఎఫ్ ఫైలు చూపించాం. కొన్ని ప్రోగ్రాముల్లో ఈ బటన్ ఉండదు. విండోస్ పీఈ నల్లతెరలో డీఆర్‌వీలోడ్ అనే ఆదేశం కొట్టి, పక్కన ఆ ఫైలు ఎక్కడుందో రాస్తే అదే పని జరుగుతుంది. కొన్ని క్షణాలు ఆగి మళ్లీ వెతికించాం. లోపలి డిస్కు కనబడింది!

విండోస్ పీఈ మెమరీలోనే బతుకుతుందని చెప్పుకున్నాం కదా? అందుకే ఇలా ఇచ్చిన డ్రైవర్ ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ ఇవ్వాలి. శాశ్వతంగా ఉండాలంటే రెస్క్యూ పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడే డ్రైవర్‌ను అందులో చేర్చాలి.

తొందరపడి నొక్కకండి

డిస్కు కనబడగానే "రీస్టోర్" నొక్కేయాలని చెయ్యి లాగింది. అప్పుడు పాపే ఆపింది. "మరి వీడ్కోలు వీడియో?" అని అడిగింది. ఇమేజ్ తీసింది బయలుదేరడానికి పదిహేను రోజుల ముందు. సిల్చార్ బడి పిల్లలు ఆఖరి రోజున మా కోసం చేసిన వీడ్కోలు సభ వీడియో ఆ తర్వాత లాప్‌టాప్‌లోకి ఎక్కింది. ఇమేజ్ ఎక్కించడం అంటే డిస్కును పాత రోజుకు తిప్పడమే. ఆ రోజు తర్వాత వచ్చినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ వీడియో ఇంకెక్కడా లేదు.

కాబట్టి ముందు కొత్త ఫైళ్లను బయటికి తీయాలి. లోపలి డిస్కు కనబడుతోంది గానీ దాని మీద తాళం గుర్తు ఉంది. అది బిట్‌లాకర్. కొత్త లాప్‌టాప్‌లలో ఈ తాళం మనకు తెలియకుండానే పడి ఉండవచ్చు. దాని రికవరీ తాళంచెవి 48 అంకెలు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో అది దాగి ఉండవచ్చు. మేము దాన్ని కాగితం మీద అచ్చు తీసి పాప టీసీ ఉన్న ఫైల్లోనే పెట్టుకున్నాం. పాప ఒక్కో అంకె చదువుతుంటే మేము కొట్టాం. డిస్కు తెరుచుకుంది. వీడియోను, ఆ పదిహేను రోజుల ఫైళ్లన్నిటినీ ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, తెరిచి చూసుకున్నాకే ముందుకు కదిలాం.

ఇక ఏ డిస్కు మీద రాయాలన్నది చూడాలి. ఇక్కడ పొరపాటు పడితే ఇమేజ్ ఉన్న డిస్కునే తుడిచేసుకుంటాం. రెస్క్యూ వ్యవస్థలో సీ, డీ అక్షరాలు మన కంప్యూటర్లో ఉన్నట్టే ఉంటాయని లేదు. కాబట్టి అక్షరాన్ని నమ్మకండి, కంపెనీ పేరును, సైజును చూడండి. సైజు దగ్గర ఇంకో తికమక ఉంది. తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. అందుకే 512 జీబీ డిస్కు దాదాపు 476గా, ఒక టెరాబైట్ డిస్కు 931గా కనబడతాయి. ఏమీ పోలేదు, కొలత పాత్ర మారింది, అంతే.

ఇమేజ్ సరిగా ఉందో లేదో "వెరిఫై" బటన్‌తో సరిచూసి, 476 అని ఉన్న డిస్కును ఎంచుకుని, అప్పుడు నొక్కాం. దాదాపు నలభై నిమిషాలు పట్టింది. లాప్‌టాప్ మళ్లీ మొదలైంది. ఇమేజ్ ఎక్కించాక పాత తాళం అలాగే ఉంటుందని అనుకోకూడదు కాబట్టి, బిట్‌లాకర్ పడి ఉందో లేదో చూసుకున్నాం.

ఇంకొన్ని చిక్కులు

మీకు ఎదురయ్యేది మాకు ఎదురైనదే కానక్కర్లేదు. బయోస్‌లో కూడా డిస్కు కనబడకపోతే, కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, పెద్దవాళ్ల చేత తీగలు సరిచూపించండి. హార్డ్‌డిస్కు లోపల టక్ టక్ మని అదే పనిగా చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే మిగిలినది కూడా పోవచ్చు. అది నిపుణులకు అప్పగించాల్సిన పని.

డిస్కు కనబడినా, "దీన్ని ఫార్మాట్ చేయాలి" అనో "ఇనిషియలైజ్ చేయాలి" అనో తెర అడిగితే ఒప్పుకోవద్దు. అందులోని అమరిక తనకు అర్థం కాలేదని కంప్యూటర్ చెబుతోంది, అంతే. అందులో ఏమీ లేదని దానికి అర్థం కాదు.

విండోస్ సొంతంగా తీసిన సిస్టం ఇమేజ్ అయితే, అది విండోస్‌ఇమేజ్‌బ్యాకప్ అనే ఫోల్డరులో ఉంటుంది. ఎవరైనా శుభ్రంగా సర్దుదామని దాని పేరు మార్చినా, ఇంకో ఫోల్డరు లోపల పెట్టినా, రీస్టోర్ ప్రోగ్రాం దాన్ని కనుక్కోలేదు. పేరు సరిచేసి డిస్కు మొదటి వరసలోకి తెస్తే కనబడుతుంది. పాత బయోస్ పద్ధతిలో తీసిన ఇమేజ్‌ను యూఈఎఫ్ఐ పద్ధతిలో మొదలైన కంప్యూటర్లో ఎక్కించబోతే అది నిరాకరిస్తుంది. ఇమేజ్ ఏ పద్ధతిలో తీశారో, పెన్‌డ్రైవ్‌ను కూడా ఆ పద్ధతిలోనే మొదలుపెట్టాలి.

పెట్టెలు కట్టక ముందే

1998లో పిక్సార్ స్టూడియోలో "టాయ్ స్టోరీ 2" సినిమా తయారవుతుండగా, ఎవరో కొట్టిన ఒక తప్పు ఆదేశంతో సినిమా ఫైళ్లు వరసగా చెరిగిపోవడం మొదలైంది. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే, అది కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. సాంకేతిక బృందంలో ముఖ్యురాలైన గాలిన్ సుస్‌మన్, చంటిబిడ్డను చూసుకుంటూ ఇంటి నుంచి పనిచేయడానికి ఒక కాపీ ఇంట్లో పెట్టుకున్నారు. దానితోనే సినిమా గట్టెక్కింది. అంత పెద్ద సంస్థకైనా, మన ఇంటికైనా పాఠం ఒకటే. తిరిగి తెరిచి చూడని బ్యాకప్ ఉన్నట్టు కాదు, ఉందని మనం అనుకుంటున్నట్టు.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం గుర్తుంచుకోండి. ముఖ్యమైనవి మూడు కాపీలు ఉండాలి. అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి. ఒక కాపీ ఇంటికి దూరంగా ఉండాలి. లాప్‌టాప్, బయటి డిస్కు రెండూ ఒకే సంచిలో ప్రయాణిస్తే అది రెండు చోట్ల ఉన్నట్టు కాదు. ఇప్పుడు అమ్మమ్మ కథలు మా లాప్‌టాప్‌లో ఒకటి, బయటి డిస్కులో ఒకటి, విజయవాడలో మామయ్య వాళ్ల ఇంట్లో ఒకటి ఉన్నాయి.

వచ్చే ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని చేయండి. ఇప్పుడు వాడుతున్న కంప్యూటర్ మీదే రెస్క్యూ పెన్‌డ్రైవ్ కొత్తగా తయారు చేయించండి. దానితో ఒకసారి కంప్యూటర్ తెరవండి. లోపలి డిస్కు, బయటి డిస్కు రెండూ కనబడుతున్నాయా చూడండి. కనబడితే ఏమీ నొక్కకుండా బయటికి వచ్చేయండి. కనబడకపోతే డ్రైవర్ వెతికి అందులో చేర్చండి, చుట్టూ సాయం చేసేవాళ్లు ఉన్నప్పుడే. బిట్‌లాకర్ అంకెలు కాగితం మీద రాసి టీసీలు ఉన్న ఫైల్లో పెట్టండి. బదిలీ ముందు రోజు ముఖ్యమైన కొత్త ఫైళ్లను ఇంకోసారి కాపీ చేసుకోండి. ఇదంతా కలిపి ఒక పూట పని. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు కాకుండా, లారీ రాక ముందే చేసుకోవాల్సిన పని.

సామాన్ల లారీ ఆరో రోజున వచ్చింది. పెట్టెలు విప్పుతుంటే లాప్‌టాప్‌లో అమ్మమ్మ తొమ్మిదో కథ చెబుతూ ఉన్నారు. పాప గిన్నెలు అందిస్తూ వింది. గ్లాసులు రెండు పగిలాయి. వాటి గురించి ఎవరూ బాధపడలేదు.